మొలతాడు మీద అల్లిన కథ

నా మాట మా వీధిలో ఎవరూ నమ్మరు. బొబ్బిలి కోట దగ్గర దెయ్యంతో కలిసి తాంబూలం వేసుకున్నానని చెప్పే మనిషిని నేను. పసిపిల్లలు మాత్రం నోరు తెరుచుకుని వింటారు. తెరిచిన నోట్లో ముద్ద పెట్టేస్తాను. రాజాంలో మా క్రెష్‌కి నేను ఆయానయింది ఆ విద్యతోనే.

ఒకసారి పది నెలల పాప చేరింది. తల్లి బట్టల కొట్టులో పనిచేసేది. తొలిచూలు బిడ్డ పోయాక పుట్టిన పిల్ల. మొలకు నల్లతాడు, దానికో రాగి తాయెత్తు.

ఊడిన తాయెత్తు పిల్లలు మింగేస్తారని క్రెష్‌కి వచ్చిన కొత్త మేడం అలాంటివన్నీ తీసేయమంది. తల్లిని అడగాలని నాకు తోచింది. కానీ ఇంకా నలుగురికి స్నానాలు చేయించాలి. కత్తెరతో కోసి చెత్తబుట్టలో పడేశాను. మధ్యాహ్నం చెత్తబండి పట్టుకుపోయింది.

సాయంత్రం తల్లి గౌను ఎత్తి చూసింది.

"పిన్నీ, మొల్తాడు ఏదీ?"

కోశానంటే గొడవ. నాకు చేతనైనదే చేశాను.

"ఓలమ్మా, ఏటి సెప్పమంటావు! గుంట నవ్వుతుంటే దానికదే టప్పుమని తెగిపోనాది. దిష్టంతా పట్టుకుపోనాది. నా కళ్లారా సూసినాను!"

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహంలో నెత్తురు లేదు.

"దానికదే తెగిపోనాదా? పెద్దోడికీ అలాగే తెగిపోనాది పిన్నీ. మూడో నాడు..."

మాట పూర్తి చేయకుండానే పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పనిలోకి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని కొట్టువాళ్లు ఆమెకు కబురు పెట్టారట. నేను కొత్త నల్లతాడు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమె పాపను ఒళ్లో పెట్టుకుని, నుదురు తడిమి చూస్తూ కూర్చుంది. కళ్లు గుంటలు పడ్డాయి.

"నానే కోసీసినానమ్మా. కత్తెరతో. నా పిల్లల మీద ఒట్టు."

"నాకు ధైర్యం సెప్పడానికి ఇలాగంటన్నావు. నీ కథలు నాకు తెల్దా పిన్నీ?"

మేడంకి ఫోన్ చేసి ఆమె చెవికి పెట్టాను. గొడవ తన మీదకు వస్తుందని మేడంకి భయం. తనకేమీ తెలియదంది.

పాపకు జ్వరం కూడా రాలేదు. ఇప్పుడు చక్కగా నడుస్తోంది. కొట్టులో ఆమె చోట ఇంకో అమ్మాయి చీరలు మడతపెడుతోంది. ఆమె మళ్లీ పనికి వెళ్లలేదు, పిల్లను గడప దాటనివ్వదు.

ఇప్పుడు కొత్త బిడ్డ వస్తే ఒంటి మీద ఏ పోగున్నా తల్లిని అడగందే ముట్టను. ఆ వీధిలో నేను కనబడితే మాత్రం తాడు తెగడం చూసిన నా కళ్లు పడకుండా ఆమె కొంగు పాప మీద కప్పి లోపలికి వెళ్లిపోతుంది.