అత్తమ్మ కత్తి, అత్తమ్మ మంత్రం

మా అత్తమ్మ పోయిన గురువారం ఉదయం కుప్పంలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. మరునాడు ఆమె పుట్టిన పుంగనూరులో భూస్థాపన చేశాం. పాస్టరుగారు ఆమె ప్రార్థన గురించి, మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో వార్డు సిస్టరుగా ఆమె చేసిన సేవ గురించి చెప్పారు. అన్నీ నిజమే. ఆయనకు తెలియనిది ఒకటుంది. చివరి రెండేళ్లూ మా అత్తమ్మ మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని కత్తి దూసేవారు, మంత్రాలు వేసేవారు.

అదొక ఆట. ఒకరు కథ చెబుతారు; ఆ పని నాది. మిగిలినవారు తలా ఒక పాత్రను కాగితం మీద తయారుచేసుకుని, ఆ కథలో ఏం చేస్తారో చెబుతారు. ప్రమాదం ఎదురైతే ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే బతుకుతారు. నాతోపాటు బడిలో పనిచేసే ఇద్దరు టీచర్లు సెలవు రోజుల్లో వచ్చేవారు. మా ఆయనకు తీరికైతే కూర్చునేవారు.

కొత్తలో అత్తమ్మకు ఇది గిట్టలేదు. "ప్రార్థన జరిగే ఇంట్లో మంత్రాలేందమ్మా?" అని నా మొహం మీదే అన్నారు. నెల రోజులు ముభావంగా ఉన్నారు. టీ ఇవ్వడానికి వచ్చి, గ్లాసులు పెట్టేసి, గుమ్మం దగ్గర నిలబడి మాత్రం వినేవారు. ఒకనాడు అక్కడినుంచే అడిగారు. "ఆ మంత్రం ఎవురి పేరు మీద?"

"ఎవరి పేరు మీదా కాదత్తమ్మా. చదువుకుని నేర్చుకునేదే."

"అయితే మందు మాదిరి," అని కుర్చీ లాక్కున్నారు.

కత్తీ కావాలి, మంత్రమూ కావాలి అన్నారు. నేను వద్దన్నాను. అలాంటి పాత్ర అన్నిట్లోనూ సగమే అవుతుంది: దెబ్బలాటలో అసలైన యోధుడికి తీసికట్టు, మంత్రాల్లో అసలైన మాంత్రికుడికి తీసికట్టు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని నన్ను చూశారు.

"వార్డు సిస్టరు డాక్టరూ కాదు, ఆయా కాదు. రెండు పనులూ తెలిసిండాల. సగం అని ఎవురన్నారు నీకు?"

డాలు ఇస్తానన్నా తీసుకోలేదు. కుడి చేతిలో కత్తి ఉంటే, మంత్రానికి ఎడమ చేయి ఖాళీగా ఉండాలని నియమం. "దెబ్బలు నేను ఓర్సుకుంటాలే. ఒక చేయి ఖాళీ లేకుంటే పడిపోయేవాళ్లని యాడ పట్టుకునేది?" అన్నారు. ఆమె నేర్చుకున్న మంత్రాల్లో ఎక్కువ భాగం మనుషులను కాపాడేవే. కానీ కత్తి తీస్తే జాలి ఉండేది కాదు. పాచిక వేసే ముందు మణికట్టు ఒకసారి విదిలించేవారు, థర్మామీటరు విదిలించినట్టు.

గతేడు ఆమెకు అన్నం సహించడం మానేసింది. కుప్పంలో పరీక్షలు చేశారు. రిపోర్టు రెండో శనివారం ఇస్తామన్నారు. మా ఆయన ఒక్కరే వెళ్లారు. ఇంట్లో కూర్చుంటే గడియారం కదలడం లేదు. అత్తమ్మే టీచర్లకు ఫోన్ చేయించారు. "రమ్మను. ఊరికే కూర్చుంటే పిచ్చి పడతాది."

ఆ రోజు కథలో వాళ్లొక ఇరుకు మెట్ల దారిలో చిక్కుకున్నారు; కిందినుంచి ఒక మృగం ఎక్కి వస్తోంది. టీచర్ల పాత్రలు రెండూ గాయపడి వెనక పడి ఉన్నాయి. అత్తమ్మ పాత్ర మంత్రంతో వాళ్ల చుట్టూ వెలుగు గోడ కట్టి, కత్తితో ముందు నిలబడింది. తనకు దెబ్బ తగిలి ఏకాగ్రత చెదిరితే ఆ గోడ కూలిపోతుంది.

అప్పుడే నా ఫోన్ మోగింది. వంటింట్లోకి వెళ్లి ఎత్తాను.

"క్యాన్సరంట," అన్నారు మా ఆయన. "లివరు దాకా పోయిందంట. అమ్మకు చెప్పొద్దు. నేనొచ్చి ఏదో ఒకటి చెప్తా."

మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను. మెట్ల కింది మృగం తరఫున పాచిక వేయాల్సింది నేనే. నా పాచిక ఎదుటివారికి కనపడకుండా ముందు ఒక అట్ట నిలబెట్టుకుంటాను. పంతొమ్మిది పడింది. తగిలి తీరాలి.

"తప్పిపోయింది," అన్నాను.

అత్తమ్మ అట్ట వైపు చూడలేదు. నన్నే చూశారు.

"అట్ట తీయి."

"అత్తమ్మా..."

"తీయమ్మా."

తీశాను. టీచర్లిద్దరూ ఆ అంకెను చూశారు, నన్ను చూశారు.

"ఫోన్లో వాడేనా?"

తలూపాను.

"ఏమన్నాడు? నీ మొగుడు చెప్పొద్దన్నింటాడు. నేను అడగతాండాను, చెప్పు."

చెబితే ఆయన క్షమించరు. చెప్పకపోతే ఆ కళ్లలోకి మళ్లీ చూడలేను. చెప్పాను. జబ్బు పేరు, అది ఎంతదాకా పాకిందో కూడా.

ఆమె బల్ల మీద చేయి ఆనించుకున్నారు. ఒక టీచరు ఏడవడం మొదలుపెడితే నీళ్లు తాగమన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"పంతొమ్మిదికి తగులుతాది కదా. దెబ్బ వెయ్."

వేశాను. గోడ నిలవాలంటే ఆమె పది దాటి వేయాలి. మణికట్టు విదిలించి వేశారు. నాలుగు. వెలుగు ఆరిపోయింది. కత్తి ఒక్కదానితోనే ఆ మెట్ల మీద నిలబడి పోరాడారు. ఆలోగా గాయపడినవాళ్లిద్దరూ పాక్కుంటూ బయటపడ్డారు.

మా ఆయన వచ్చాక సంగతి తెలిసి నా మీద అరిచారు. "ఒక్క పూటన్నా నెమ్మదిగా ఉండనీకుండా యాల చెప్పినావు?" అత్తమ్మ గదిలోంచి వచ్చారు.

"వార్డులో ఎంతమందికి ఈ మాట చెప్పినానో నాకే లెక్కలేదురా. చెప్పినాంక వాళ్లు అడిగేది ఒకటే, ఏం చేయాలని. దాచిపెడితే అదన్నా అడక్కుండానే పోతారు. ఆ పిల్లని ఒక్క మాట అనొద్దు."

ఆయన నాతో మామూలుగా మాట్లాడడానికి రెండు వారాలు పట్టింది. తర్వాత ఒక సాయంత్రం తానే వచ్చి ఆటలో కూర్చున్నారు. తల్లి పక్కనే కూర్చున్నారు.

చివరి నెల కుప్పంలోనే గడిచింది. ఆఖరి ఆదివారం మధ్యాహ్నం, వార్డులో అడిగి, ఆమె మంచం మీదే ఆడాం. పక్క మంచాల దగ్గరున్నవాళ్లంతా చుట్టూ చేరారు. గుడుపల్లె నుంచి కోడలికి తోడుగా వచ్చిన ముసలాయన ఒకాయన ముందు నిలబడ్డారు. అత్తమ్మ వేళ్లలో బలం లేదు. కనీసం పది పడాలి. విసిరిన పాచిక మంచం అంచు మీదనుంచి దూకి, ఎదుటి మంచం కిందికి దొర్లిపోయింది. అందరూ వంగారు.

"ముట్టుకోవద్దండప్పా!" అని ఆమె మోచేతి మీద లేచారు. ఆ నెలలో అంత గట్టి గొంతు మేం వినలేదు. "ఎంత పడిందో ముందు సూడండి!"

ముసలాయన నేల మీద బోర్లా పడుకున్నారు. ఎవరో ఫోన్ లైటు వేశారు. ఆయన కళ్లు చికిలించి చాలాసేపు చూశారు.

"పదకొండు ఉండాదమ్మా."

"సాలు," అన్నారు అత్తమ్మ.

ఆ పెద్దాయన లేవలేదు. గచ్చు మీద చెంప ఆనించి, పాచిక పక్కన అరచేయి అడ్డంగా పెట్టి, మంచం కిందినుంచే అడిగారు.

"ఇప్పుడు తీసుకోవచ్చునామ్మా?"