పాట ముందు చెప్పిన ఊరు

మార్కాపురంలో విలేకరిగా పనిచేసినన్నాళ్లూ పాడినవాళ్లకు నేను పైసా ఇచ్చి ఎరగను. బస్టాండు దగ్గర సెల్ దుకాణంలో మెమరీ కార్డు ఇస్తే, నేను టీ తాగి వచ్చేలోపు దుకాణదారుడు పాటలు నింపి ఉంచేవాడు. అతనికి డబ్బులిచ్చింది నింపినందుకే.

పెద్దారవీడు వైపు ఒక పల్లెలో నలుగురు కలిసి బ్యాండు పెట్టారు. అందరూ పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లే. చర్చి నుంచి తెచ్చుకున్న కీబోర్డు, ఒక గిటారు, ఒక డప్పు. పాటలు కట్టి పాడేది ఒకామె, డప్పు ఆమె మరిది. ఎండిన బోర్ల మీద, పలకల గనుల మీద పాటలు ఫోనులోనే రికార్డు చేసి, ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. ప్రతి పాటకు ముందు ఆమె తమ ఊరిపేరు, ఫోన్ నంబరు చెప్పేది. పాట ఊరికే తీసుకోండి, పెళ్లికో పండక్కో మమ్మల్ని పిలవండి అని వాళ్ల ఆశ. మిరప కోతలు మొదలయ్యేలోపు పిలుపులు రాకపోతే ఆమె, మరిది గుంటూరు వైపు కూలికి పోవాలి. ఇద్దరు పోతే ఇక బ్యాండు లేదు.

నేను వార్త రాశాను. అచ్చయిన రోజు ఫొటో చూసి మురిసి, పేపరు మడిచి పెట్టాను. వారం తర్వాత ఆమె ఫోన్ చేసి, ఒక్కరూ పిలవలేదంది. అప్పుడు చదివాను. చివరి పేరా లేదు. చోటు చాలకపోతే పేపరాఫీసు డెస్కులో వార్తను కిందినుంచి కోస్తారు, ముఖ్యమైనది పైన రాయండి అని కొత్త విలేకరులకు ఏళ్ల తరబడి చెప్పింది నేనే. ఊరిపేరూ నంబరూ చివర్లో పెట్టిందీ నేనే. పైనంతా ఎర్రమట్టి మీద నా వర్ణన.

ఆ చిరాకుతోనే సెల్ దుకాణానికి వెళ్లి వాళ్ల పాట పెట్టమన్నాను. బాగా పోతున్నాయని పెట్టాడు. నేరుగా డప్పుతో మొదలైంది. పాటకు ముందు ఆమె చెప్పే మాటలేవని అడిగాను.

"ఆ సోదంతా ఎవురు వింటారు సార్? నేనే కోసేసినా. పాట శుభ్రంగా ఉండాల గదా."

మెచ్చుకుంటానని నా మొహంలోకి చూశాడు. నా కార్డులో ఉన్నదీ ఆ శుభ్రం చేసిన పాటే. నెలగా వింటూ కూడా గమనించలేదు.

వాళ్ల ఊరు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ముందర ఆయప్ప కోసినాడు, ఎనక మీ పేపరోళ్లు కోసినారు. ఇంగ మేము ఏడుండామన్నా అందులో?" అంది ఆమె.

"ఎర్రమట్టి గురించి బాగా రాసినాడులే వదినా," అన్నాడు మరిది. "మట్టికే ఫోన్ జేస్తారు."

మళ్లీ వార్త పంపితే, ఒకసారి వేశాం కదా అన్నారు డెస్కువాళ్లు.

కోతలకు పోయేముందు ఆమె కొత్త పాట కట్టింది. ఊరిపేరు పల్లవిలోనే ఉంది. నంబరు పది అంకెలూ చరణంలో, డప్పు దెబ్బకు ఒకటి చొప్పున. నా ఫోనులోకి తనే ఎక్కించి, ఇప్పుడు కోయమనన్నా అంది.

దుకాణదారుడు కోయలేకపోయాడు. పాట ఊరూరా తిరిగింది. యర్రగొండపాలెం నుంచి పెళ్లివాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేశారట. అప్పటికి ఆమె మిరపచేలో ఉంది. నలుగురం కలిసేది కోతలయ్యాకేనని చెప్పిందట. ఫరవాలేదమ్మా, పాట మా దగ్గరుందిగా, అదే పెట్టుకుంటాం అన్నారట వాళ్లు.