తెయోఫిల్ పైకి అనని ఆమెన్

"నలభై నిమిషాలు! నలభై నిమిషాలు మోకాళ్ల మీద ఉంచాడు మమ్మల్ని! అది భక్తో కక్షో నా కీళ్లనడగండి, చెబుతాయి!"

"మెల్లగా, బ్రదర్ గవ్రిలా. పక్కగదిలో పాటలు నేర్చుకుంటున్నారు."

"నేర్చుకోనీండి పాస్టరుగారూ! వచ్చే మీటింగులోనూ ఇదే జరిగితే ఆయన్ని కమిటీలోంచి తీసెయ్యండి. లేదా నేను పోతా."

"సరే, అలాగే," అన్నారు పాస్టరుగారు మోకాళ్లు రుద్దుకుంటూ.

గవ్రిల తిడుతున్న తెయోఫిల్ అదే బల్ల చివర కూర్చుని గసగసాల కేకు తింటున్నాడు. ఒరాదియా పట్నం దగ్గరి ఆ బాప్టిస్టు సంఘం కమిటీలో పాస్టరుగారితో కలిపి పెద్దలు ఏడుగురు. మీటింగు ముగియాలంటే ఏడుగురూ మోకరించి వరసగా ప్రార్థించాలి. చివరివాడు ఆమెన్ అనేదాకా ఎవరూ లేవకూడదు. ఆ రోజు చివరి వంతు తెయోఫిల్‌ది. ప్రార్థన మనసులోనే చేసుకున్నాడు, ఆమెన్ కూడా మనసులోనే అనుకున్నాడు. మిగతావాళ్లు లేస్తే తానూ లేద్దామని ఆయన ఆగాడు. ఆయన ఆమెన్ అంటే లేద్దామని ఆరుగురూ ఆగారు. ఇరవయ్యో నిమిషంలో పాస్టరుగారికి కన్నీళ్లొచ్చాయి. పరిశుద్ధాత్మ కుమ్మరింపు అనుకున్నారు. తిమ్మిరని తర్వాత తేలింది. చివరికి చర్చి ఊడ్చే సబీనా తలుపు తీసి, "ఎవరన్నా పోయారా?" అని అడిగాకే అందరూ లేచారు.

ఇంత గొడవలోనూ కమిటీ సెక్రటరీ కోర్నెల్ నోరు విప్పలేదు. అది ఇంకా పెద్ద వింత. ప్రకటనలు చదవమని నిలబెడితే పాస్టరుగారి ప్రసంగానికి టైము మిగల్చని మనిషి. అతను గొంతు సవరించుకుంటే చాలు, పెద్దలంతా గడియారం వైపు తిరుగుతారు. చివరిదాకా వినేది తెయోఫిల్ ఒక్కడే. ఆయన్నీ తీసేస్తే తను ఇక ఎవరికి చెప్పుకోవాలి?

శనివారం తెయోఫిల్ కోర్నెల్ ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ వంటింట్లో పావుగంట కూర్చున్నాడు. ప్రశ్నలూ జవాబులూ కోర్నెలే చూసుకున్నాడు.

"కుళాయి బాగుచెయ్యడానికొచ్చారా? కాదు, బాగానే ఉందిగా. గవ్రిల సంగతా? నాకొదిలెయ్యండి, నేను మాట్లాడతాను, ఒక్క అరగంట చాలు..."

తెయోఫిల్ చెయ్యెత్తాడు. కోర్నెల్ ఆగిపోయాడు.

"నాకు కమిటీలో ఉండాలనుంది, బ్రదర్," అన్నాడు తెయోఫిల్, దారంతా బట్టీపట్టినవాడిలా. "నలుగురిలో నోరు పెగలదు. ఈసారి నీ పక్కన మోకరిస్తాను. ప్రార్థన అయిపోగానే నీ మోచెయ్యి తాకుతాను. నా బదులు ఆమెన్ అను. ఆ ఒక్క మాటే. నీ పుణ్యముంటుంది, ముందూ వెనకా ఏమీ కలపకు."