లోరెట్టా ఎవరి తరఫున?

మేరీలాండ్ కాలేజీల్లో ఉద్యోగ మేళా జరిగితే లోరెట్టా అందరికంటే ముందే వచ్చి బల్ల సర్దుకుంటుంది. అరవై దాటినా కుర్చీలో కూర్చోదు. కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని, వచ్చినవాళ్ల చేతిని రెండు చేతులతో పట్టుకుని మాట్లాడుతుంది. రక్షణశాఖ పనులు చేసే ఒక కంపెనీకి చిన్న వయసువాళ్లను వెతికిపెట్టడం ఆమె ఉద్యోగం. అక్కడ చేరాలంటే ముందు ప్రభుత్వం వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు ఆరాతీసి అనుమతి ఇవ్వాలి.

జనేల్ అనే అమ్మాయి ఆ అనుమతి కోసం పద్నాలుగు నెలలు కాచుకుంది. లోరెట్టా మాట నమ్మి, ఈలోగా వచ్చిన మరో ఉద్యోగం వదులుకుంది. తీరా అనుమతి వచ్చిన వారానికే కంపెనీ ఆ కొలువును రద్దు చేసింది. రద్దయిన రోజు మధ్యాహ్నమే, సమావేశంలో కొత్తవాళ్ల మాటొచ్చినప్పుడు పై అధికారి క్రెయిగ్, "ఈ కాలం పిల్లలకు ఓపికెక్కడిది?" అని నవ్వాడు.

లోరెట్టా లేచి నిలబడింది. "ఓపిక లేనిది వాళ్లకా, మనకా? ఆ పిల్ల ఏడాది పైగా కిరాణా కొట్లో సరుకులు సర్దుకుంటూ మనకోసం ఎదురుచూసింది. ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోను, క్రెయిగ్!"

"నువ్వు పనిచేసేది మన కంపెనీకి, లోరెట్టా. వాళ్లకి కాదు."

మర్నాటి మేళాలో ఆమె తన బల్ల వదిలి, నేరుగా అదే అనుమతి అడిగే పోటీ కంపెనీ బల్ల దగ్గరికి నడిచి, జనేల్ దరఖాస్తు వాళ్ల ముందు పెట్టింది.

"అనుమతి చేతిలో ఉన్న పిల్ల. మావాళ్లకి కళ్లు లేవు. మీకున్నాయా?"

అక్కడి మనిషి దరఖాస్తు చదివి ఫోన్ తీశాడు. అవతల జనేల్ పలికేదాకా లోరెట్టా అక్కణ్ణుంచి కదల్లేదు.