వాషరు కింద దూది పోగు

మొన్న ఎమ్మిగనూరు రోడ్డులో ఒక మెకానిక్కు షెడ్డు ముందు ఆగాను. వేడి సైలెన్సరు మీద ఆయిలు చుక్క పడి కాలిన వాసన. ఒక బండికి ఫిల్టరు మూత దగ్గర ఆయిలు కారుతుంటే, ఎందుకు కారుతోందో చూడకుండానే మెకానిక్కు పొడుగాటి పానా వేసి బిగిస్తున్నాడు. "ఇంగ కారదులే తాతా" అన్నాడు నా వైపు చూసి. నాకు ఒళ్ళు మండింది. కారే చోటల్లా బిగించడమే వైద్యమైతే మెకానిక్కులెందుకు, పహిల్వాన్లు చాలరా? ఇంటికి వచ్చినా కోపం చల్లారలేదు. ఆ కోపంలోనే నాకు పని నేర్పిన ఖాసిం సాబు గుర్తొచ్చాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఆదోనిలో ఇప్పుడు ఎవరూ మిగిలినట్టు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పందొమ్మిది వందల యాభైల్లో మా వైపు మోటారు సైకిళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటికి జబ్బు చేస్తే ఆదోనిలోని ఖాసిం సాబు షెడ్డే ఆసుపత్రి. నేను ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లో పుట్టాను. నాలుగో తరగతితో బడి ఆగింది. తరువాతి చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీద నాకు నేనే చదువుకున్నాను. ఇరవై రెండేళ్ళప్పుడు మగ్గం వదిలి సాబు దగ్గర పనికి చేరతానంటే మా నాయన ఒప్పుకోలేదు. చివరకు, "ఆర్నెల్లు సూస్తా. పని రాకపోతే తిరిగొచ్చి మగ్గం గుంటలోకి దిగి నేయాల" అన్నాడు.

ఆ కాలపు బండ్లలో ఫిల్టరంటే ఉన్నితో చేసిన చిన్న గొట్టం. ఇంజను అడుగున గుండ్రటి అరలో దాన్ని నిలబెట్టి, వాషరు వేసి, మూత బిగించాలి. కొత్తది తెస్తే, నాకు చదవడం వచ్చునన్న గర్వంతో పెట్టె మీది పేరు చదవబోయేవాణ్ణి. "పేరు నీకు గొప్ప, ఇంజనుకు గాదు. పాతదాని పక్కన నిలబెట్టి సూడు" అనేవాడు సాబు. గోరంత పొడుగైనా మూత సరిగా కూర్చోదు. పొట్టిదైతే ఆయిలు వడపోతకు అందకుండా పక్క నుంచి జారుకుంటుంది.

ఆరో నెలలో, పత్తి వ్యాపారి రుద్రయ్య శెట్టి బండికి ఫిల్టరు మార్చే పని మొదటిసారి నా ఒక్కడికే అప్పగించాడు సాబు. కొలత చూశాను, కొత్త వాషరు వేశాను, బిగించాను. మర్నాడు ఆ బండి ఎద్దుల బండి మీద తిరిగి వచ్చింది. వెనకాలే శెట్టి, పంచె నిండా ఆయిలు మరకలు.

"ఏం సాబూ, మగ్గం నేసేటోని చేతికి నా బండి ఇస్తివా? నందవరం సేరేలోగా ఆయిలంతా దావలోనే పాయె! వీన్ని పంపిచ్చెయ్. లేదంటే నా బండే గాదు, మా బజారోళ్ళ బండి ఒకటి గూడా నీ షెడ్డుకు రాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మగ్గం గుంట నా కళ్ళ ముందు కనిపించింది. గబగబా పానా అందుకుని మూత ఇంకా బిగించబోయాను. సాబు నా చేయి పట్టుకున్నాడు.

"బిగిస్తే తప్పు లోపలే ఉండిపోతాది. ఇప్పు."

విప్పి చూశాను. "శుభ్రంగానే ఉండాది ఉస్తాద్."

"కండ్లతో ఎవురు సూడమన్నారప్పా? వేలితో సూడు. తెగిన పోగు పట్టే వేలు గదా నీది?"

మూత కూర్చునే అంచు మీద చూపుడు వేలు నిదానంగా తిప్పాను. సగం తిరిగేసరికి సన్నగా ఏదో తగిలింది. గోటితో లాగితే ఒక దూది పోగు, ఆయిలుకు నల్లబడి కంటికి ఆనకుండా అంటుకుని ఉంది. వాషరు దాని మీద కూర్చుంది, ఆ సందులోంచి ఆయిలు దారి చేసుకుంది. బిగించే ముందు ఆ అంచును నేను దూదితోనే తుడిచాను. ఆదోనిలో జిన్నింగు మిల్లులు ఊడ్చి పారేసిన దూది బస్తాలకొద్దీ దొరికేది. ఏ షెడ్డులోనైనా చేతులకూ దూదే, ఇంజన్లకూ దూదే.

"సూస్తివా, వీడే..." అని శెట్టి అందుకునేలోగా సాబు అడ్డం వచ్చాడు.

"తప్పు నాది శెట్టీ. ఆ దూది తెచ్చిపెట్టింది నేను, దాంతో తుడవమన్నది నేను. వీన్ని పంపిస్తే నా తప్పు యాడికి పోతాది? ఈడనే ఉంటాది. వీడు గూడా ఈడనే ఉంటాడు. నీ బండి తెస్తావో లేదో నీ ఇష్టం."

"మరి నా పంచె?"

"అది వీళ్ళ ఊర్లో నేసిందే గదా, ఇంగొకటి కొనుక్కో!"

శెట్టి నవ్వలేదు. అలాగని పోనూ లేదు. ఉతికి ఉతికి పీచు రాలడం మానేసిన పాత గుడ్డతో అంచు తుడిచి, మరో కొత్త వాషరు వేసి, మూతను ముందు వేళ్ళతోనే తిప్పాను. "పానా కొసన పట్టుకోవాకు, నడుమ పట్టుకో. బలం మితంగా పడతాది" అన్నాడు సాబు. ఆయిలు పోసి, ఇంజను వేడెక్కించి, ఆపి, కింద కాగితం పరిచాం. చల్లారే దాకా శెట్టి అక్కడే కూర్చున్నాడు. కాగితం మీద చుక్క పడలేదు. బండెక్కి పోయినాయన, పది రోజుల తరువాత వచ్చి సాబును దాటి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. "ఏమప్పా నాగప్పా, బ్రేకు గూడా రోంత సూడు." ఆ మాట మా నాయన దాకా పోయింది. గుంట సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

తరువాత నలభై ఏళ్ళు సొంత షెడ్డు నడిపాను. నువ్వేం చదివావని అడిగిన పెద్దమనుషులతో చాలానే పోట్లాడాను. కానీ బండి కారిందని ఎవరొచ్చినా పనివాణ్ణి ముందుకు తోయలేదు, నేనే పోయి నిలబడ్డాను. నలుగురి ముందు "తప్పు నాది" అనబోయిన ప్రతిసారీ, పోయే బేరాన్ని ఒక్క క్షణం లెక్క వేసుకునేవాణ్ణి. బజారు బేరమంతా పోతుందని తెలిసి కూడా, ఆ రోజు ఖాసిం సాబు ఆ లెక్క వేసుకోలేదు.