రేకుకి కట్టిన ధర

పాత కారు కొనాలనుకున్నవాళ్ళు ముందు మాగ్నెట్ మేస్త్రీ షెడ్డుకే వచ్చేవారు. అతనిది ముప్పై ఏళ్ళుగా రేకు పని. సొట్టలు తీస్తాడు, తుప్పు పట్టిన చోట కోసి కొత్త రేకు అతుకుతాడు, రంగు వేస్తాడు. చొక్కా జేబులో మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఎప్పుడూ ఉండేది. దాన్ని కారు ఒంటి మీద మెల్లగా జరిపేవాడు. అంటుకుంటే రేకు, జారిపోతే తుప్పు మీద పూసి కప్పెట్టిన పుట్టీ. ఆ పేరు అలా వచ్చిందే.

"ఇంజను చప్పుడు విని మురిసిపోకండి. ఇంజను పోతే ఇంకోటి దొరుకుతుంది. మీరు డబ్బు పెట్టేది రేకుకి," అనేవాడు. "తలుపుల కింద అంచు చూడండి. కాళ్ళ దగ్గర పరిచిన మ్యాటు ఎత్తి నేల చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత చూడండి. మూడూ గట్టిగా ఉంటే అడిగినదాంట్లో పదోవంతు తగ్గించి ఇచ్చేయండి. మూడూ పోతే సగం ధరకిచ్చినా తీసుకోకండి."

ఇన్ని కార్లకి ధర కట్టినవాడికి సొంతానికి ఉన్నది ఒక పాత స్కూటరు. కోరిక మాత్రం ఒకటి ఉండేది. రిటైరైన లెక్కల టీచరమ్మ ఇంట్లో అరవైల నాటి చిన్న ఇంగ్లీషు కారు ఉంది. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, నాలుగు మూలలా బుల్లి చక్రాలు. పక్కన నిలబడితే దాని కప్పు మేస్త్రీ భుజం దాకా కూడా రాదు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు సొంత జీతంతో కొనుక్కుని, రిటైరయ్యేదాకా బడికి తానే నడుపుకుంటూ వెళ్ళింది. పదకొండేళ్ళుగా దాని బాగోగులు మేస్త్రీవే. షెడ్డుకి వచ్చిన ప్రతిసారీ "రంగు ఇంకా ఆరలేదమ్మా" అని రెండు రోజులు ఎక్కువ ఉంచుకునేవాడు. పని అయిపోయాక అందులో కూర్చుని స్టీరింగు మీద చేతులు వేసుకుని ఉండిపోయేవాడు.

ఆరు నెలల కిందట ఆవిడే కదిపింది. "మోకాళ్ళు క్లచ్ తొక్కనివ్వడం లేదు మేస్త్రీగారూ. అమ్మేద్దామనుకుంటున్నా. ఎవరికైనా కావాలేమో చూడండి."

"అలాగేనమ్మా," అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. తన దగ్గర రెండు లక్షలు ఉన్నాయి. ఇంకో ఏడాదిన్నర ఓపిక పడితే మిగతాది కూడుతుంది. ఈలోగా ఆవిడ గ్యారేజీ తలుపు తట్టేదెవరు? తనకే కావాలని అడుగుదామని నోటి దాకా వచ్చేది. రేకు కొట్టుకునేవాడికి ఈ సోకు ఎందుకని ఆవిడ నవ్వుతుందేమోనని మింగేసేవాడు.

తలుపు తట్టింది తోడల్లుడు. మేస్త్రీ భార్య చెల్లెలి మొగుడు. కళ్ళజోళ్ళ షాపు. ఇద్దరి పెళ్ళిళ్ళూ ఒకే ఏడాది అయ్యాయి. ఆ తర్వాత ఏది వచ్చినా ముందు అతనికే వచ్చింది. సొంతిల్లు, షాపులో ఏసీ, ఆఖరికి తలమీద జుట్టు కూడా అతనికే నిలిచింది. అతను చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. ఆ అదృష్టమూ మేస్త్రీకి లేదు.

"అన్నయ్యా, ఒక కారు చూశా. నువ్వు చూసి ఊఁ అంటేనే కొంటా," అన్నాడు ఫోన్‌లో.

"ఏ కారు?"

"ఒక టీచరమ్మ కళ్ళజోడు మార్చుకుందామని షాపుకొచ్చింది. మాటల్లో తెలిసింది. చిన్నది, ఆకుపచ్చ రంగు. నాలుగు లక్షలంటోంది. ఎంతకి అడగమంటావ్?"

మేస్త్రీకి ఒళ్ళంతా కారం పూసినట్టయింది. "వచ్చి చూస్తాలే," అని మాత్రం అనగలిగాడు.

మర్నాడు ఉదయం ముగ్గురూ గ్యారేజీలో నిలబడ్డారు. తోడల్లుడు కారు చుట్టూ తిరిగి "అబ్బ, ముద్దొస్తోంది కదన్నయ్యా!" అంటూ బానెట్ నిమిరాడు. తన పిల్లని ఎవరో ఎత్తుకుని ముద్దాడుతున్నట్టు అనిపించింది మేస్త్రీకి. అయస్కాంతం తీయనక్కర్లేదు, ఆ కారులో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అంచులు గట్టివి. స్టెప్నీ గుంత గట్టిది. డ్రైవరు కాళ్ళ కింద మాత్రం అరచేతంత తుప్పు, నాలుగు రోజుల పని. మూడున్నరకి కళ్ళకద్దుకుని కొనుక్కోవచ్చు.

మేస్త్రీ మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవరుతో సరిగ్గా ఆ తుప్పు మీద పొడిచాడు. కరకరమని పొడి రాలింది.

"నేలంతా పోయింది," అన్నాడు తల అడ్డంగా ఊపుతూ. "అంచుల్లోకి కూడా దిగింది. దీనికి ఒకటిన్నర పెట్టడమే ఎక్కువ."

టీచరమ్మ ముఖం చిన్నబోయింది. "అంత పాడైందా? నాకెప్పుడూ చెప్పలేదేం మేస్త్రీగారూ?"

"మీరు బాధపడతారనమ్మా," అన్నాడు. మ్యాటు మళ్ళీ పరిచేశాడు.

తోడల్లుడు నిట్టూర్చాడు. "అయితే వద్దులే అన్నయ్యా. నీ మాట కాదని కొంటానా?"

మూడో రోజున మేస్త్రీ రెండు లక్షలు సంచిలో పెట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. నేల పోయినా పరవాలేదు, నేనే తీసుకుంటానని, పైగా యాభై వేలు ఎక్కువిచ్చి మంచివాడనిపించుకోవాలని దారంతా మాటలు కూర్చుకున్నాడు. వెళ్ళేసరికి గ్యారేజీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల నేల మీద నూనె మరకలు తప్ప ఏమీ లేదు.

"నిన్ననే ఇచ్చేశాను, మీ తోడల్లుడికి," అంది టీచరమ్మ. "ఒకటిన్నరకి."

మేస్త్రీ డబ్బు సంచి వెనక్కి పెట్టుకున్నాడు. "ఒకటిన్నరకా?"

"మీరు కట్టిన ధరేగా! నేల పోయిన కారుకి నాలుగు లక్షలు అడిగానా అని సిగ్గేసింది. నేనే ఫోన్ చేశాను. పాపం, ఆయన రెండిస్తానన్నాడు. నేనే వద్దన్నాను." ఆవిడ కాస్త ఆగి అంది: "అసలు మీరు తీసుకుంటారేమోనని ముందు మీకే చెప్పాను. ఆర్నెల్లు చూశాను, మీరు ఊసెత్తలేదు. అడిగుంటే నెలకింతని ఇచ్చినా ఇచ్చేసేదాన్ని."

ఇంటికొచ్చి భార్యకి ఉన్నదంతా చెప్పాడు. ఆవిడ చేతిలో బట్టలు మంచం మీద పడేసింది.

"మీ ఏడుపేదో మా చెల్లెలి మొగుణ్ణి చూసి ఏడ్చుకున్నారు, సరే. ఆ పెద్దావిడేం చేసిందండీ మిమ్మల్ని?"

 మర్నాడు మేస్త్రీ కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి, బేరాలు లేని వేళ చూసి, తోడల్లుడికి కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అద్దాల బీరువా వైపే చూశాడు.

తోడల్లుడు చేతిలోని కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు. "నిజంగా ఎంత చేస్తుంది?" అన్నాడు.

"మూడున్నర. నేల నేను ఊరికే వేసిస్తా."

"నీకు కావాలని ఒక్క ముక్క అంటే నేను ఆ వీధిలోకి అడుగుపెట్టేవాణ్ణా అన్నయ్యా?"

ఆ సాయంత్రమే తోడల్లుడు మిగతా రెండు లక్షలూ తీసుకెళ్ళి టీచరమ్మ చేతిలో పెట్టాడు. ధర తెలుసుకోవడంలో తనదే పొరపాటన్నాడట, మేస్త్రీ పేరెత్తలేదు. ఆ మాట విన్నప్పుడు మేస్త్రీకి సిగ్గుతో పాటు అసూయా వేసింది. ఆ పెద్దమనసు కూడా వాడికే దక్కాలా!

టీచరమ్మకి నిజం మేస్త్రీయే వెళ్ళి చెప్పాడు. ఆవిడ గుమ్మంలో నిలబడే విన్నది. కూర్చోమనలేదు. ఆ తర్వాత మళ్ళీ అతన్ని పిలిచిందీ లేదు.

కారు నువ్వే ఉంచుకో అన్నయ్యా అని తోడల్లుడు అంటాడేమోనని మేస్త్రీ సిగ్గు లేకుండా కొన్నాళ్ళు ఎదురుచూశాడు. అతను అనలేదు. అతనికీ ఆ కారంటే ప్రాణమైపోయింది మరి. నాలుగు రోజుల పని మేస్త్రీ మూడు రోజుల్లో ముగించి పంపేశాడు. అందులో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఆ మధ్య ఒకాయన అమ్ముకుందామని ఎర్రటి చిన్న కారు తెచ్చి ధర చెప్పమన్నాడు. మేస్త్రీ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మ్యాటు ఎత్తి చూశాడు. నేల నిగనిగలాడుతోంది. 

"చూడండీ, ఇది నాకే కావాలనిపిస్తోంది. నేను చెప్పే ధర ఇంకొకరిని కూడా అడిగి చూసుకోండి," అన్నాడు.

హాస్యమాడుతున్నాడనుకుని ఆయన పకపకా నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు. ఉన్న ధర ఉన్నట్టే చెప్పాడు.