భీమశంకర్ గారి అయస్కాంతం

భీమశంకర్ గారు దేన్నైనా అయస్కాంతం పెట్టి చూస్తే గాని నమ్మరు. జేబురుమాల్లో చుట్టిన ఆ బిళ్ల ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. మా ఊరు షాంటిలీలో ఆయన్ని భోజనానికి పిలిచిన వాళ్లందరికీ దాని సంగతి తెలుసు. రత్నం గారింట్లో వ్రతం నాడు వెండి పళ్లేనికి అది టక్కున అతుక్కుంది. "వెండికి అతుక్కోకూడదే!" అన్నారు, పంతులు గారి మంత్రం కంటే గట్టిగా. రత్నం గారు ఆర్నెల్లు ఆయన ఫోన్ ఎత్తలేదు.

ఇలాంటి మనిషిని 2008లో కారు బేరానికి వెంటబెట్టుకెళ్లడం నేను చేతులారా చేసుకున్నది. కాలేజీ రోజుల నుంచి నాకు పాత స్పోర్ట్స్ కార్ల పిచ్చి. ఇన్నాళ్లకు మా ఆవిడ ఉష ఒప్పుకుంది.

"కారుకి, రిపేర్‌కి కలిపి ఎనిమిది వేల డాలర్లు. ఒక్క డాలర్ దాటినా నువ్వూ ఆ కారూ గరాజ్‌లోనే పడుకోండి" అంది.

పక్క ఊరు మనాసస్‌లో వాల్టర్ అనే రిటైరైన పోస్ట్‌మ్యాన్ డెబ్భై రెండు నాటి ఎర్ర డాట్సన్ స్పోర్ట్స్ కారు అమ్మకానికి పెట్టాడు. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. ఐదు వేలు అడిగాడు. బాగుచేసే షాపువాళ్లు మూడు వేలన్నారు. లెక్క సరిపోయింది. ఇంకో వెయ్యి తగ్గించకపోతారా అని కక్కుర్తిపడి ఈయన్ని పిలిచాను.

"మోకాళ్లు వంగట్లేదు. ఎక్కితే దిగలేను. లేకపోతే అమ్మేవాణ్నే కాదు" అన్నాడు వాల్టర్.

భీమశంకర్ గారు అది విన్నట్టే లేరు. అప్పటికే కారు కింద దూరారు. బయటికి కాళ్లు కనిపిస్తున్నాయి, లోపల్నుంచి ఛీఛీలు వినిపిస్తున్నాయి.

"ఎడమ తలుపు కింద అయస్కాంతం నిలవట్లేదు. అంతా లప్పం మెత్తి రంగేశారు! ఎనిమిదొందలు తీసెయ్, మనోహర్."

"కాస్త మెల్లగా అనండి."

"ఫ్లోర్ తుప్పు. పన్నెండొందలు. ఈ స్క్రూ ఒరిజినల్ కాదు, యాభై."

"స్క్రూకి యాభయ్యా?" అన్నాను. లోపల మాత్రం ఆనందంగానే ఉంది.

రెండు గంటలైంది. నాకు ఆకలి దంచేస్తోంది. వాల్టర్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. ఈయన ఇంజిన్ నంబరూ, బాడీ నంబరూ సరిచూసి, వాల్టర్ చెప్పుల పెట్టెలో దాచిన ముప్పై ఏళ్ల ఆయిల్ రసీదులన్నీ చదివి, కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఏడు వేలు" అన్నారు ఇంగ్లీషులో.

"నేను అడిగింది ఐదే" అన్నాడు వాల్టర్.

"అది నీ పొరపాటు. ఇంజిన్ కారుతో పుట్టిందే. లోపాలన్నీ తీసేసినా ఏడు వేలు."

ఆయన్ని పక్కకు లాగాను. "మీరు ఎవరి తరఫున వచ్చారండీ?"

"కారు తరఫున."

"రిపేర్‌కి మిగిలేది వెయ్యి! ఉష నన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

"దాంతో పార్ట్స్ కొను. పని నేను చేస్తా. శనివారాలు ఖాళీయేగా."

అతని ముందే ఏడని తేలాక ఐదిచ్చే మొహం నాకెక్కడిది? కోపంలో ఒక చెక్కు పాడుచేసి, రెండోది రాశాను.

ఏడాదిన్నర పాటు ప్రతి శనివారం పొద్దున ఏడింటికి మా కాలింగ్ బెల్ మోగింది. టీ, ఉప్మా, ఛీఛీలు. "ఈ బోల్టు ఒరిజినల్ కాదు, ఇంకోటి వెతుకు" అని నా ప్రాణం తోడేశారు. నిద్ర పోయింది గానీ కారు మాత్రం కొత్తదైంది.

ఆఖరి శనివారం చూద్దును కదా, పక్క సీటు నాలుగంగుళాలు పైకి లేచి ఉంది! కింద ఇనప దిమ్మలు, తలుపు పైన పట్టుకోవడానికో పిడి.

"ఇదేమిటండీ? స్క్రూకి యాభై తీశారే, ఇది ఒరిజినలా?"

"కాదు. ఆరొందలు తగ్గుతుంది" అన్నారు తలెత్తకుండా. "వాల్టర్‌కి ఫోన్ చెయ్. ఈ ఎత్తయితే దిగగలడు. మొన్న వెళ్లి అతని మోకాళ్లు కొలిచొచ్చా. టోపీ తీస్తే తల కూడా పడుతుంది."

తిడదామనుకున్నవాణ్ని ఫోన్ అందుకున్నాను. సిగ్గేసింది, ఆయన మీద ఇష్టమూ కలిగింది.

వాల్టర్ వచ్చాడు. టోపీ తీసి, పిడి పట్టుకుని ఎక్కాడు, దిగాడు, నమ్మలేక మళ్లీ ఎక్కాడు. నేను స్టార్ట్ చేశాను. ఉన్నవి రెండే సీట్లు. ఏడాదిన్నర ఒళ్లు వంచిన మనిషి డ్రైవ్‌వేలో నిలబడిపోయారు. చెయ్యి ఊపుతారేమోనని అద్దంలో చూశాను.

"ఆ చక్రం మూత ఒరిజినల్ కాదు!" అని వెనక నుంచి కేక వినిపించింది. "పదిహేను తీసెయ్!"